పుచ్చుకున్నవారి పేర్లు

కేసముద్రానికీ మానుకోటకూ నడుమ, రైలు కూత వినబడేంత దూరంలో మా ఊరు ఉంటుంది. మానుకోట ఇప్పుడు మహబూబాబాద్ పేరుతో జిల్లా కేంద్రమైంది గాని, నా చిన్నతనంలో ఆ ప్రాంతమంతా వరంగల్ జిల్లాలోనే ఉండేది. ఊరి చివరి వాడలో పెంకులు కప్పిన చిన్న చర్చి, దానికి ఆనుకొని ఉపదేశి (పల్లె సంఘానికి ప్రార్థనలు జరిపి బోధించే మనిషి) ఉండే గది, ముందు ఒక వేపచెట్టు, ఆ చెట్టుకు గంటగా వేలాడదీసిన రైలుపట్టా ముక్క ఉండేవి. ఆ సంఘానికి మా బాపు చాలాకాలం కోశాధికారిగా పనిచేశాడు. ఏడో తరగతితోనే చదువు ఆగిపోయినా, దస్తూరి మాత్రం పట్వారీ దస్తూరి కంటే బాగుంటుందని ఊళ్లో చెప్పుకునేవారు. ఎర్ర గుడ్డ అట్టతో పొడుగ్గా ఉండే రిజిస్టరులో ఆయన ఎడమ పేజీ జమకు, కుడి పేజీ ఖర్చుకు కేటాయించాడు. జమ పేజీలో డబ్బు తక్కువ, వస్తువులు ఎక్కువ. 'పిడికెడు బియ్యం, ఇరవై రెండిండ్ల నుంచి, పదకొండు కిలోలు'. 'కోడిపెట్ట ఒకటి, కాన్పు సుఖంగా అయినందుకు'. 'నువ్వులు రెండు మానికలు, కొత్త పంట'. 'అయిదు రూపాయలు, కొడుకు భీవండి నుంచి ఉత్తరం రాసినందుకు'. ఖర్చు పేజీలో ఉపదేశి జీతం, దీపానికి నూనె, కింద పరిచే చాపలు, వాటి తరువాత ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆ మనిషి పేరు, ఇచ్చిన బియ్యం తూకం ఉండేవి.

ధనాన్ని గురించి, దీనత్వాన్ని గురించి, దేవుని మీద భారం వేయడాన్ని గురించి తరువాతి కాలంలో నేను విన్న ప్రసంగాలకు లెక్కలేదు. అయినా ఆ సంగతులు ఎవరెత్తినా నాకు ముందుగా తలపుకు వచ్చేది ఆ రిజిస్టరే, అందులోనూ 1998వ సంవత్సరపు ఒక కుడి పేజీ. అక్కడికి వెళ్లేముందు బియ్యం సంగతి కొంత చెప్పాలి.

పిడికెడు బియ్యం అంటే ఏమిటో దోర్నకల్ అధ్యక్ష మండలపు, అంటే అక్కడి బిషప్పు పరిధిలోని, పల్లెల్లో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. పూటపూటా ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యంలో నుంచి ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండలోని బియ్యం చర్చికి చేరుతుంది. మా నాయనమ్మకు ఈ విషయంలో ఒక పట్టింపు ఉండేది. ఆ పిడికెడు డబ్బాలో నుంచి నేరుగా తీయరాదు, కొలత అయిన తరువాతే తీయాలి. డబ్బాలోది తీస్తే ఉన్నదాంట్లో నుంచి ఇచ్చినట్టనీ, కొలిచినదాంట్లో నుంచి తీస్తే తినేదాంట్లో నుంచి ఇచ్చినట్టనీ ఆమె వాదం. మా అమ్మ కొత్త కోడలుగా వచ్చిన రోజుల్లో రెండింటికీ తేడా ఏమిటని అడిగిందట. దానికి నాయనమ్మ, 'ఆ పూట ఎవరికి తక్కువ పడుతదో వాళ్లకు ఎరుకైతది బిడ్డా' అన్నదట. తక్కువ పడేది ఎప్పుడూ చివర తినే మనిషికే గనుక, అంటే కోడలికే గనుక, ఆ భక్తి తన కడుపు మీదుగా నడిచిందని అమ్మ ఈనాటికీ నవ్వుతూనే అంటుంది. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి సంగతి చదివినప్పుడల్లా నాకు ఈ ఇద్దరూ గుర్తుకు వస్తారు. ఆ విధవరాలు తన జీవనమంతయు వేసిందని యేసు చెప్పాడు గాని, ఆమె ఇంట్లో కోడలు ఉన్నదో లేదో సువార్తికుడు రాయలేదు.

ఈ పద్ధతి మా ప్రాంతంలో వేళ్లూనుకోవడంలో బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి పూనిక పెద్దది. తిరునెల్వేలి ప్రాంతం నుంచి 1909లో దోర్నకల్ చేరిన ఆయన 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయ్యారు. ఆయన కాపరిత్వంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ వాడల కూలీలు, జీతగాళ్లు. గంజి మాత్రమే దొరికే ఇంటి నుంచి కానుక అడగడం ఏమి న్యాయమని ఎవరికైనా తోచవచ్చు. అయితే పల్లె సంఘం తన ఉపదేశిని తానే పోషించుకోవాలని, అందుకు చేతనైనంత ప్రతి ఇల్లూ ఇవ్వాలని ఆయన పట్టుబట్టారు. క్రైస్తవుడు ఇవ్వవలసిన తీరును గురించి ఒక పుస్తకమే రాశారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌ను మొదటిసారి చూసినప్పుడు, గుమ్మటాలూ రాతి స్తంభాలూ కలగలిసిన ఆ కట్టడంలో మసీదూ మండపమూ రెండూ కనిపించి నేను ఆశ్చర్యపోతుంటే, బాపు మాత్రం, 'ఇందుల మనోళ్ల పిడికెడు బియ్యం గూడ ఉన్నది' అన్నాడు. ఎడ్లబండి మీద పల్లెలు తిరిగే ఆ బిషప్పు గారిని తాను చిన్నపిల్లగా చూశానని నాయనమ్మ చెప్పేది. ఏమి బోధించారని అడిగితే, 'అంత చిన్నదాన్ని, నాకేమెరుక, ఎద్దుల మెడల గజ్జెలే యాదికున్నయి' అనేది.

ఇంతమాత్రాన మా సంఘంలో అందరూ దీనమనస్కులే ఉండేవారని అనుకోకూడదు. ఏటేటా కోతకాలపు కృతజ్ఞతా పండుగనాడు ఆరాధన ముగిశాక, తెచ్చిన కానుకలను వేపచెట్టు కింద వేలం వేసేవారు. గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు, కోళ్లు, ఒక్కొక్కప్పుడు మేకపిల్ల. ఊళ్లో రేషన్ షాపు నడిపే ఒకరికీ, సింగరేణిలో ఉద్యోగం చేసి పండుగకు ఇల్లెందు నుంచి వచ్చే ఇంకొకరికీ ఏనాటి నుంచో పడేది కాదు. వారిద్దరూ ఒక ఏడు ఒకే గుమ్మడికాయ కోసం పాట పెంచుకుంటూ పోయి, సంతలో పది రూపాయలకు దొరికే కాయను రెండువందల నలభైకి చేర్చారు. పాస్టరు గారు సంతోషించారు, పిల్లలం చప్పట్లు కొట్టాము, బాపు వంచిన తల ఎత్తకుండా అంకె వేశాడు. అదే రోజు, పరుల ఇళ్లలో పాచిపని చేసుకునే ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి ఇచ్చిన రెండు గుడ్లను ఎవరూ పాడలేదు. చివరకు ఉపదేశి భార్య రూపాయికి తీసుకున్నది. ఆదివారం కానుకలిచ్చినవారి పేర్లు మొత్తంతో సహా చదివి వినిపించే అలవాటు ఉండేది గనుక, ఆ వారం గుమ్మడికాయ పేరు గట్టిగా, గుడ్ల పేరు చివర్లో వినిపించింది. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని చదివే నోటితోనే ఈ పట్టిక కూడా చదువుతున్నామని అప్పుడు ఎవరికీ తోచినట్టు లేదు. ఇంటికి నడిచి వస్తూ నాయనమ్మ, ఆ గుమ్మడికాయను వండుకుంటే ఉప్పు అక్కరలేదు, దాంట్లో పౌరుషం ఉన్నది అన్నది.

నాయనమ్మకు చదువు రాదు. చిన్నతనంలో తల్లిదండ్రులు దొర గడిలో వెట్టి చేయడం కళ్లారా చూసిన మనిషి. బైబిలులో ఆమెకు కంఠతా వచ్చిన కొద్ది వాక్యాలలో సామెతల గ్రంథం ముప్పయ్యో అధ్యాయంలోని ఆగూరు ప్రార్థన ఒకటి. 'పేదరికమునైనను ఐశ్వర్యమునైనను నాకు దయచేయకుము, తగినంత ఆహారము నాకు అనుగ్రహింపుము.' కడుపు నిండితే దేవుడెవరని అంటానేమో, బీదనైతే దొంగిలిస్తానేమో అని ఆగూరు రెండు వైపులా భయపడ్డాడు. రెండో భయం నాయనమ్మకు బాగా తెలుసు. తృప్తిని గురించి పాస్టరు గారు ప్రసంగించిన ఒక ఆదివారం ఆమె అన్న మాట నేను మరువలేదు: 'దొర గూడ గదే చెప్పెటోడు, ఉన్నదాంట్లనే సంబురపడుమని.' పాస్టరు గారు నొచ్చుకోలేదు. అపొస్తలుడైన పౌలు తృప్తిని గురించిన ఆ మాట చెరసాలలో ఉండి రాశాడు, గడిలో కూర్చొని రాయలేదు అని మరుసటి వారం మళ్లీ చెప్పారు. క్రైస్తవ బోధలో ఇంత ముఖ్యమైన భేదం ఇంత తరచుగా మరుగున పడడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. లేనివాడితో 'చింతింపకుడి' అని ఉన్నవాడు అంటే అది సువార్త కాదు, సౌకర్యం. యేసు ఆ మాట చెప్పిన కొండమీది ప్రసంగంలోనే, దానికి కొంచెం ముందే, 'మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు' అని ఉన్నది. అది ఉన్నవాడు తన ఇంట్లో కూర్చొని చదువుకోవలసిన మాట.

ఇక పత్తి సంగతి. వరంగల్ జిల్లా చెలకల్లో, అంటే మెట్ట పొలాల్లో, జొన్న, పెసర పోయి పత్తి పరుచుకున్న కాలం అది. బాపుకు సొంతంగా ఉన్న కొద్ది చెలకకు తోడు ఇంకొంత కౌలుకు పట్టాడు. విత్తనం, ఎరువు, పురుగుమందు అన్నీ ఒకే దుకాణంలో అప్పు. పంట వచ్చాక ఆ దుకాణానికే ముట్టజెప్పాలి, వడ్డీ అతడు చెప్పిందే. మంచి ఏళ్లు కొన్ని వచ్చాయి. పత్తి బోరాలతో ట్రాక్టరు ఎక్కి ఎనుమాముల మార్కెట్టుకు వెళ్లి, రాత్రంతా బోరాల మీదే పడుకొని, తెల్లవారి పాట అయి, కాంటా అయి, అమ్మిన సరుకు లెక్క రాసి ఇచ్చే తక్‌పట్టీ చేతికి వచ్చేదాకా బాపుతో ఉండడం నాకు పండుగే. తిరుగుదారిలో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు గోడ పక్కగా నడిపించి, 1934లో నిజాం కాలంలో పెట్టిన బట్టల మిల్లని, వేలమందికి అన్నం పెట్టిందని చెప్పేవాడు. అప్పటికే ఆ మిల్లు బాగా చితికిపోయి ఉన్నది. లూకా సువార్తలో కొట్లు విప్పి ఇంతకంటే గొప్పవి కట్టించుకుంటానన్న ధనవంతుడి ఉపమానం చెప్పవలసిన చోటు అదేనని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో బాపు అక్కడ నాకు మిర్చిబజ్జీలు కొనిపెట్టేవాడు, ఉపమానాలు చెప్పేవాడు కాదు.

1997 వానాకాలం అన్నింటినీ తలకిందులు చేసింది. వానలు సమయానికి రాలేదు. కాయ పగిలే వేళకు అకాల వర్షం వచ్చింది. వీటి నడుమ లద్దె పురుగు, పచ్చ పురుగు చేలను పట్టుకున్నాయి. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు. కొన్ని డబ్బాలలో మందే లేదని తరువాత అందరూ అనుకున్నారు. మందు కొట్టిన కొద్దీ అప్పు పెరిగింది. ఆ శీతాకాలంలో జిల్లాలో ఎందరో పత్తి రైతులు ఆ పురుగుమందే తాగి చనిపోయారు. ఆ వార్తలు దేశమంతటా పాకాయి. మా పక్క ఊళ్లో పోయినవాడు బాపుతో కలిసి బడికి వెళ్లినవాడు. చావుకు వెళ్లి వచ్చి బాపు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మనిషి బాకీ అంత పెద్దది కూడా కాదట. ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా చెప్పలేదు.

ఆ ఏడు వచ్చిన పత్తి కొన్ని బోరాలే. అమ్మగా వచ్చిన డబ్బు తెచ్చి బాపు చాప మీద పెట్టి కూలివారి పట్టీ తీశాడు. అమ్మ అడ్డుపడింది. తన కమ్మలు అప్పటికే కుదువలో ఉన్నాయి. దుకాణదారుడు కట్టకపోతే ఇంటిమీదికి వస్తాడు, నలుగురిలో మాట అంటాడు; పత్తి ఏరిన ఆడవాళ్లు మన వాడవాళ్లే, నెల ఆగమంటే ఆగుతారు అని ఆమె వాదన. 'షావుకారు ఇంటి మీదికొస్తడు, కూలోళ్లు రారు గదా' అన్నది. 'రాలేరు గనుకనే ముందు ఇయ్యాలె' అన్నాడు బాపు. తరువాత గోడ మీది బల్ల నుంచి బైబిలు తీసి యాకోబు పత్రిక చదివాడు: 'మీ చేలు కోసిన పనివారికియ్యక, మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది.' అమ్మ, ఆ మాట ధనవంతులకు రాసింది, మనం ధనవంతులమా అని అడిగింది. నిజానికి అది సరైన ప్రశ్నే; అధ్యాయం మొదట్లోనే 'ధనవంతులారా' అని ఉన్నది. బాపు కొంతసేపు ఆలోచించి, 'ఇయ్యాల్టికి పైసలు నా చేతిల ఉన్నయి, వాళ్ల చేతిల లేవు. ఇయ్యాల్టికి నేనే ధనవంతుణ్ణి' అన్నాడు. ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి కూలి ఇచ్చి వచ్చాడు. దుకాణదారుడికి చేరవలసినదాంట్లో మూడోవంతు కూడా చేరలేదు, అతడు అమ్మ చెప్పినట్టే ఇంటిమీదికి వచ్చాడు, అమ్మ చెప్పినట్టే నలుగురిలో మాటన్నాడు. దేవుని నమ్మినవారికి ఇలాంటి వేళ ఏదో ఒక దారి తెరుచుకుంటుందని కథల్లో ఉంటుంది. మాకు అలాంటిదేమీ జరగలేదు. బర్రెను అమ్ముకున్నాము.

మాఘం దాటి, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు ఆదివారాలు వచ్చేసరికి బియ్యం డబ్బా అడుగు కనిపించింది. నాయనమ్మ మాత్రం కొలిచిన సోలెడులో నుంచి పిడికెడు తీయడం మానలేదు. అమ్మ ఏమీ అనేది కాదు. ఒకనాటి సాయంత్రం ఇద్దరు సంఘ పెద్దలు, ఉపదేశి కలిసి అరబస్తా బియ్యం తెచ్చి వాకిట్లో దింపారు. రంగు, గింజ, నూక అన్నీ కలగాపులగంగా ఉన్న బియ్యం. నలభై ఇళ్ల కుండలలో నుంచి వచ్చిన బియ్యం అలాగే ఉంటుంది. బాపు ముఖం మాడిపోయింది. 'మాకన్న లేనోళ్లున్నరు, వాళ్లకియ్యుండ్రి' అన్నాడు. పెద్దలు తటపటాయించారు. లోపలి నుంచి నాయనమ్మ గొంతు వచ్చింది: 'ఇచ్చెటప్పుడు దేవునిదంటివి. తీస్కునెటప్పుడు మనుషులదెట్లయితది కొడుకా?'

ఇన్నేళ్ల తరువాత కూడా ఆ ప్రశ్నకు ఎదురు నిలిచే జవాబు నాకు దొరకలేదు. 'పుచ్చుకొనుటకంటె ఇచ్చుట ధన్యము' అన్న మాటను మేమంతా ఆదివారపు బడిలో బట్టీ పట్టినవాళ్లమే. కాని ఇచ్చేవాడి చెయ్యి ఎప్పుడూ పైన ఉంటుంది. ఏళ్ల తరబడి చెయ్యి పైనే ఉండిపోతే అది తనదే పైచెయ్యి అని నమ్మడం మొదలుపెడుతుంది. గుమ్మడికాయ పాడినవారిలో ఆ గర్వం పైకి కనిపించింది. మా బాపులో అది మంచితనం చాటున ఉండి ఎవరికీ కనిపించలేదు, బియ్యం బస్తా వాకిట్లోకి వచ్చేదాకా ఆయనకూ కనిపించి ఉండదు. సువార్తలు మళ్లీ చదివితే యేసు ఈ విషయంలో ఎలా నడుచుకున్నాడో తెలుస్తుంది. లూకా ఎనిమిదో అధ్యాయంలో యోహన్న, సూసన్న మొదలైన స్త్రీలు తమకు కలిగిన ఆస్తితో ఆయనకూ శిష్యులకూ ఉపచారం చేస్తూ వచ్చారని ఉన్నది. అయిదువేలమందికి రొట్టె పంచినవాడు తన పూట భోజనం ఆ స్త్రీల చేతి నుంచి పుచ్చుకున్నాడు. చెరసాలలోని పౌలు ఫిలిప్పీవారు పంపినదాన్ని పుచ్చుకొని, అందిందని ఉత్తరం రాశాడు. దేవుని మీద ఆధారపడడమంటే చాలామంది మనుషుల మీద ఆధారపడకపోవడమని అనుకుంటారు. మా ఊళ్లో మాత్రం ఆ రెండూ ఒకే అరబస్తాలో వచ్చాయి.

బియ్యం లోపలికి పోయింది. మరునాడు రిజిస్టరు రాయవలసి వచ్చింది, రాయవలసినవాడు బాపే. ఉపదేశి మంచి మనిషి. పేరు అక్కరలేదు, 'ఒక సంఘ సభ్యుడు' అని వేస్తే చాలునన్నాడు. బాపు పేజీలు వెనక్కి తిప్పాడు. ఒక కుడి పేజీలో పాచిపని ముసలమ్మ పేరు, ఇంకొకదాంట్లో చెయ్యి విరిగిన హమాలీ పేరు, వేరొకచోట మొగుడు వదిలేసిన మనిషి పేరు, అన్నీ ఆయన దస్తూరిలోనే ఉన్నాయి. 'వీళ్ల పేర్లన్నీ నేనే రాసిన' అని, తన ఇంటిపేరుతో సహా పూర్తిపేరు, తండ్రి పేరు, బియ్యం తూకం రాసి, ఎదురుగా పుచ్చుకున్నట్టు సంతకం చేశాడు. నేను పక్కనే కూర్చొని చూశాను. ఎప్పుడూ తిన్నగా నడిచే ఆయన గీత ఆ ఒక్క చోట కిందికి జారింది. సంవత్సరాంతపు సంఘ సభలో ఆ లెక్క ఎప్పటిలాగే చదివి వినిపించాలి. తన పేరు తానే చదివాడు. మరుసటి సభలో, ఇచ్చినవారి పేర్లు గాని పుచ్చుకున్నవారి పేర్లు గాని ఇకమీదట పైకి చదవవద్దని, చూడదలచినవారు వచ్చి రిజిస్టరు చూసుకోవచ్చునని ప్రతిపాదించాడు. గుమ్మడికాయ పాడినవారు ఒప్పుకోలేదు గాని, ఆడవాళ్లందరూ చేతులెత్తడంతో తీర్మానం గెలిచింది.

బియ్యం వచ్చిన ఆ ఏడే నేను చదువుకోసం హన్మకొండ చేరాను. మిషన్ ఆసుపత్రులు, బళ్లు, పాత బాప్తిస్టు సంఘాలు ఉన్న ఊరది. అప్పుడప్పుడే అక్కడి మైదానాల్లో రాత్రి సభలు పెద్దఎత్తున సాగుతున్నాయి. ఒక సభలో బోధకుడు, విశ్వాసంతో వెయ్యి రూపాయలు విత్తితే దేవుడు లక్షగా ఇస్తాడని, ఇప్పటికీ అప్పుల్లో ఉన్నారంటే మీ విశ్వాసంలోనే లోపమని చెప్పగా విన్నాను. నా పక్కన కూర్చున్న ఒక రైతు రుమాలులో నుంచి నోట్లు తీశాడు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ సంగతి బాపుతో చెప్పాను. నూరంతలు అన్న మాట బైబిలులో ఉన్నమాట నిజమేనని, మార్కు పదో అధ్యాయం తీసి నా చేతే చదివించాడు. ఇండ్లు, అన్నదమ్ములు, భూములు నూరంతలుగా అని ఉన్న ఆ వాక్యంలోనే 'హింసలతో పాటు' అని కూడా ఉన్నది. 'ఆ బోధకుడు గీ ముక్క చదివిండా?' అని అడిగాడు. చదవలేదన్నాను. 'సగం తక్‌పట్టీ చూపెట్టిండు' అన్నాడు బాపు. మైదానంలో రుమాలు విప్పిన ఆ రైతు ముఖం నాకు చాలాకాలం గుర్తుండిపోయింది. నష్టాన్ని విశ్వాసలోపమని చెప్పే బోధ, నష్టపోయినవాడి నోరు నొక్కే బోధ. పక్క ఊరివాడు చనిపోయింది నోరు విప్పలేకనే.

1998 డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఎప్పటిలాగే సాక్ష్యాలకు సమయం ఇచ్చారు. ఉద్యోగం దొరికినవారు, జ్వరం తగ్గినవారు, ఆడపిల్ల పెళ్లి చేసినవారు ఒక్కొక్కరే లేచి స్తోత్రాలు చెప్పారు. బాపు లేచాడు. అంతా పోగొట్టుకున్న యోబుకు దేవుడు రెండంతలు తిరిగి ఇచ్చినట్టుగా ఏదో ఒక మాట వస్తుందని జనం ఎదురుచూశారు. ఆ ఏడు పంట కొంత నయంగానే ఉన్నది. బాపు హబక్కూకు గ్రంథం చివరి అధ్యాయంలో నుంచి చదివాడు: 'చేనిలోని పైరు పంటకు రాకపోయినను, గొఱ్ఱెలు దొడ్డిలో లేకపోయినను, సాలలో పశువులు లేకపోయినను, నేను యెహోవాయందు ఆనందించెదను.' చదివి, తనకు అంత ఆనందమేమీ రాలేదని, ఏడుపే వచ్చిందని, ఆ ప్రవక్త అంత పెద్ద విశ్వాసం తనకు లేదని చెప్పాడు. దుకాణానికి ఇంకా పదకొండు వేల బాకీ ఉన్నదని, అమ్మ కమ్మలు విడిపించలేదని, కౌలు భూమి వదులుకున్నానని, సంఘం బియ్యం తిన్నానని, మందు డబ్బా ఇంట్లో ఉండగా ఒక రాత్రి దాని దిక్కు చూశానని కూడా చెప్పాడు. 'దేవుడు నాకు పైసలియ్యలే. మిమ్ములనిచ్చిండు. అందరికీ వందనాలు' అని కూర్చున్నాడు. కొంతసేపు ఎవరూ 'ఆమేన్' అనలేదు. అది సాక్ష్యం అవునో కాదో పాస్టరు గారికే తోచనట్టున్నది. కీర్తన సంఖ్య చెప్పి పాడించారు. మందు డబ్బా మాట అమ్మకు కూడా ఆ రాత్రే తెలిసింది. ఇంటికి వెళ్లాక ఆమె ఆ డబ్బాను వెతికి తీసి, ఊరి బయట గుంత తవ్వించి పూడ్పించింది, ఆ తరువాత నెలరోజులు బాపుతో సరిగా మాట్లాడలేదు.

కొత్త సంవత్సరం రోజు మధ్యాహ్నం ఇద్దరు మనుషులు మా ఇంటికి వచ్చారు. ఒకరు మా సంఘంవారు, వయసులో బాపుకంటే చిన్న. ఇంకొకరు చర్చికి రానివారు, కాపు రైతు, మా వాడలో ఎవరింట్లోనూ అంతకుముందు కూర్చోని మనిషి. గోడ అవతల నుంచి మైకులో సాక్ష్యం విన్నాడట. మంచినీళ్లు తాగి, పండుగ పూట అరిసెలు తిని, చాలాసేపు వానలను గురించి, మద్దతు ధరను గురించి మాట్లాడారు. చివరకు కాపు రైతే, తనకు ఎవరెవరికి ఎంతెంత బాకీ ఉన్నదో తనకే సరిగ్గా తెలియదని, రాసి పెట్టుకోవాలంటే భయమేస్తున్నదని అన్నాడు. బాపు నన్ను పిలిచి పాత నోటుబుక్కు, పెన్ను తెమ్మన్నాడు. రెండు పేజీలు తెరిచి నడుమ గీత గీసి, ఎవరి బాకీ ఎంతని అడగడానికి ముందు, 'పత్తి ఏరినోళ్ల కూలి ఎంత బాకీ ఉన్నరు, ముందు గది చెప్పుండ్రి' అన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొని పేర్లు చెప్పడం మొదలుపెట్టారు.